నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోవాలంటే: అమెరికా కోర్టులో ముందు న్యాయవాది, తర్వాతే మోషన్

అమెరికాలో క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకున్న మనిషి ఆ తర్వాత మనసు మార్చుకుంటే, తరచుగా చేసే మొదటి పని జడ్జికి స్వయంగా ఉత్తరం రాయడం. లాయరు తొందరపెట్టాడనీ, ఆ రోజు అడిగినవి సగం అర్థం కాలేదనీ, తనకు ట్రయల్ కావాలనీ రెండు పేజీలు రాసి క్లర్కుకు పంపిస్తాడు. ఆ ఉత్తరం కేసు రికార్డులోకి ఎక్కుతుంది, ప్రాసిక్యూటర్ దాన్ని చదువుతాడు, కోపంలో రాసిన ప్రతి మాటా రేపు బోనులో నిలబెట్టి అడగడానికి ఒక ప్రశ్నగా మారుతుంది. కోరిన పని మాత్రం చాలాసార్లు జరగదు. ఒకపక్క లాయరు వాదిస్తుండగా మరోపక్క తానూ వాదించుకునే హక్కు ముద్దాయికి లేదని సుప్రీంకోర్టు 1984లోనే మెక్‌కాస్కిల్ కేసులో చెప్పింది కాబట్టి, లాయరు ఉన్న ముద్దాయి సొంతంగా పంపిన కాగితాలను చాలామంది జడ్జిలు పక్కన పెట్టేస్తారు.

అందుచేత ఇక్కడ చెప్పబోయే వరుస వేరు. మోషన్ (కోర్టుకు రాతపూర్వకంగా పెట్టే అభ్యర్థన) రాయడం చివర్లో వచ్చే పని. దానికంటే ముందు, ఆ మోషన్‌ను మీ తరఫున నిజాయితీగా నడపగల, మీతో ప్రయోజనాల వైరుధ్యం లేని న్యాయవాది మీ పక్కన ఉండాలి. ప్రధానంగా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టుల పద్ధతినే వివరిస్తున్నాను. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో తేడా ఉన్నచోట ఆ సంగతీ ప్రస్తావిస్తాను. ఇండియాలో కోర్టు పని చూసినవారికి ఈ విషయం కొంత వింతగా తోచవచ్చు. మన దగ్గర ప్లీ బార్గెయినింగ్ (తక్కువ శిక్ష కోసం ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం చేసుకుని నేరం ఒప్పుకోవడం) 2006లో అమల్లోకి వచ్చినా కేసులు సాక్షుల విచారణతోనే నడుస్తాయి. అమెరికాలో ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరాంగీకారాల మీదే పడుతున్నాయని 2012లో మిస్సోరి వర్సెస్ ఫ్రై తీర్పులో సుప్రీంకోర్టే గుర్తుచేసింది. అంటే అక్కడ చాలామందికి కేసు మొత్తం నేరం ఒప్పుకునే ఆ ఒక్క ఉదయం జడ్జి అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల్లోనే ముగిసిపోతుంది.

మొదటి అడుగు: మీరు ఏ దశలో ఉన్నారో తేల్చుకోండి

ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ రూల్స్‌లోని 11వ రూల్ కాలాన్ని మూడు భాగాలుగా విడదీస్తుంది. కోర్టు మీ నేరాంగీకారాన్ని ఇంకా ఆమోదించకపోతే, ఏ కారణమూ చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. ఆమోదించిన తర్వాత, శిక్ష ఖరారు కాకముందు అయితే, న్యాయమైన, సబబైన కారణం ఒకటి చూపించాలి, లేదా కోర్టే మీ ప్లీ ఒప్పందాన్ని తిరస్కరించి ఉండాలి. శిక్ష పడిన తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. ఇక మిగిలేవి అప్పీలు, ఆపైన శిక్షను సవాలు చేసే ప్రత్యేక పిటిషన్ మాత్రమే.

ఇక్కడ చాలామంది పొరబడే ఒక సంగతి ఉంది. నేరాంగీకారాన్ని ఆమోదించడం, ప్లీ ఒప్పందాన్ని ఆమోదించడం రెండు వేర్వేరు పనులు. జడ్జి మొదటిదాన్ని ఆ రోజే ఆమోదించి, రెండోదాన్ని శిక్షను అంచనా వేసే ప్రొబేషన్ అధికారి నివేదిక వచ్చేదాకా వాయిదా వేయవచ్చు. ఒప్పందం ఇంకా ఆమోదం పొందలేదు కదా, కారణం లేకుండానే వెనక్కి వెళ్ళవచ్చు కదా అనే వాదనను 1997లో యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ హైడ్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అయితే మీ నేరాంగీకారాన్ని మేజిస్ట్రేట్ జడ్జి విని, ఆమోదించవచ్చని డిస్ట్రిక్ట్ జడ్జికి సిఫారసు మాత్రమే చేసి ఉంటే, అది ఆమోదం కిందికి వస్తుందా రాదా అన్నది మీ కేసు ఉన్న సర్క్యూట్‌ను (ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీలు కోర్టును) బట్టి మారుతుంది. కొత్త న్యాయవాదిని అడగవలసిన తొలి ప్రశ్నల్లో ఇది ఒకటి, ఎందుకంటే జవాబు మీకు అనుకూలమైతే మిగతా పోరాటమంతా అవసరం లేకపోవచ్చు.

రాష్ట్రాల గడువులు ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాయి. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 1018వ సెక్షన్ ప్రకారం తీర్పుకు ముందు ఎప్పుడైనా, తీర్పు నమోదు చేయకుండా ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణ) ఇచ్చిన సందర్భంలో ఆ ఉత్తర్వు తర్వాత ఆరు నెలల లోపు, తగిన కారణం చూపి అడగవచ్చు. నేరం ఒప్పుకున్న రోజున ముద్దాయి పక్కన న్యాయవాది లేకుండా ఉంటే, తగిన కారణం చూపినప్పుడు కోర్టు అనుమతించి తీరాలని ఆ సెక్షనే అంటుంది. ఇల్లినాయ్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రూల్ 604(డి) కింద శిక్ష పడిన 30 రోజుల్లో మోషన్ వేయాలి, అది వేయకుండా అప్పీలుకు వెళ్ళలేరు. టెక్సస్‌లో జడ్జి తీర్పు చెప్పకముందు, కేసును పరిశీలనకు తీసుకోకముందు అయితే అది ముద్దాయి హక్కు. న్యూజెర్సీలో 2009 నాటి స్లేటర్ తీర్పు నాలుగు అంశాలను తూచమంటుంది: నిర్దోషిననే నమ్మదగిన వాదన, కారణాల బలం, ప్లీ ఒప్పందం ఉందా లేదా, వెనక్కి తీసుకోవడం వల్ల ప్రభుత్వానికి అన్యాయమైన నష్టమో ముద్దాయికి అన్యాయమైన లాభమో కలుగుతుందా.

రెండో అడుగు: న్యాయవాది మీద మీకున్న హక్కు ఎంతవరకో తెలుసుకోండి

రాజ్యాంగపు ఆరో సవరణ ముద్దాయికి న్యాయవాది సహాయం హామీ ఇస్తుంది. ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ పెన్సిలుతో రాసి పంపిన పిటిషన్ మీద 1963లో వచ్చిన తీర్పుతో, డబ్బు లేని ముద్దాయికి రాష్ట్ర కోర్టుల్లో కూడా న్యాయవాదిని ప్రభుత్వమే ఇవ్వాలన్నది స్థిరపడింది. ఈ హక్కు ట్రయల్‌తో మొదలై ట్రయల్‌తో ముగిసేది కాదు. కేసులో ప్రతి కీలక ఘట్టంలోనూ అది ఉంటుంది. 1967లో మెంపా వర్సెస్ రే కేసులో, వాయిదా వేసిన శిక్షను ఖరారు చేసే సమయంలో న్యాయవాది ఎందుకు అవసరమో వివరిస్తూ, ఆ దశలో నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకునే అవకాశం కూడా ఉంటుందని సుప్రీంకోర్టు ప్రత్యేకంగా పేర్కొంది. నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకునే విచారణ కీలక ఘట్టమేనని థర్డ్ సర్క్యూట్ 1976లో క్రౌలీ కేసులోనూ, సెవెంత్ సర్క్యూట్ 1996లో గారెట్ కేసులోనూ, సెకండ్ సర్క్యూట్ 2001లో డేవిస్ కేసులోనూ చెప్పాయి.

చట్టంలోనూ దీనికి ఆధారం ఉంది. ఫెడరల్ 44వ రూల్, క్రిమినల్ జస్టిస్ యాక్ట్ 3006ఏ సెక్షన్, తొలి హాజరు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ న్యాయవాది ఉండాలంటాయి. న్యాయం కోసం అవసరమైతే ఏ దశలోనైనా ఒక నియమిత న్యాయవాది స్థానంలో మరొకరిని నియమించే అధికారాన్ని 3006ఏ కోర్టుకు ఇస్తుంది. మీరు వాడుకోవలసింది ప్రధానంగా ఈ చివరి మాటనే.

హక్కుకు హద్దులూ ఉన్నాయి. సొంత డబ్బుతో పెట్టుకునేవారికి తమకు నచ్చిన లాయరును ఎంచుకునే హక్కు ఉందని 2006లో గొంజాలెజ్-లోపెజ్ కేసు చెప్పింది. కోర్టు నియమించేవారి విషయంలో ఎంపిక మీది కాదు. లాయరు ఫోను ఎత్తడం లేదనో, మాట తీరు నచ్చలేదనో మార్చమంటే సాధారణంగా మార్చరు. మీకూ అతనికీ మధ్య ప్రయోజనాలు ఢీకొంటున్నాయని చూపితే కథ మారుతుంది.

మూడో అడుగు: ఇప్పుడున్న లాయరుతో మాట్లాడండి, కాగితం మీద

నేరం ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం కక్షిదారుదే గానీ లాయరుది కాదు. 1983లో జోన్స్ వర్సెస్ బార్న్స్ తీర్పులో సుప్రీంకోర్టు ముద్దాయి స్వయంగా తీసుకోవలసిన ప్రాథమిక నిర్ణయాల్లో దీన్ని మొదట పేర్కొంది. అలాగని, ఆధారం ఏమీ లేని మోషన్‌ను వేయమని లాయరును బలవంతపెట్టడం కుదరదు. కాబట్టి అతనికి చిన్న ఉత్తరమో ఈమెయిలో రాయండి: నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోవాలని అనుకుంటున్నాననీ, తన అభిప్రాయం రాతపూర్వకంగా చెప్పమనీ, కేసు ఫైలు, ప్లీ విచారణ (నేరం ఒప్పుకున్న రోజు విచారణ) ట్రాన్స్‌క్రిప్ట్, అంటే అక్కడ మాట్లాడినదంతా రాసిన రికార్డు, కాపీలు కావాలనీ. తేదీ తప్పకుండా వేయండి. తర్వాత ఆలస్యం ఎవరిది అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ తేదీయే మీకు సాక్ష్యం.

అతని జవాబు మూడు తీరులలో ఒకటిగా ఉంటుంది. మీ కారణానికి లాయరు పనితీరుతో సంబంధం లేకపోతే, ఉదాహరణకు ప్రాసిక్యూషన్ కొత్తగా ఇచ్చిన పత్రాల్లో మీకు అనుకూలమైన సాక్ష్యం బయటపడితే, పాత లాయరే మోషన్ నడపవచ్చు, బహుశా అందరికంటే బాగా నడపగలడు కూడా. మీ కారణమే అతని తప్పు అయితే, అంటే తప్పుడు సలహా ఇచ్చాడనో, సాక్షులను కలవకుండానే ఒప్పుకోమన్నాడనో, ఒప్పుకోకపోతే కేసు సిద్ధం చేయనని బెదిరించాడనో మీరు అంటే, అతను మీ తరఫున వాదించాలంటే తన మీద తానే ఫిర్యాదు చదవాలి. అలా చేయకపోతే మీ పక్షం బలహీనపడుతుంది, చేస్తే అతని వృత్తి పేరు దెబ్బతింటుంది. డేవిస్ కేసులో సెకండ్ సర్క్యూట్ ఎదురుగా ఉన్నది సరిగ్గా ఇదే, లాయరు తనను బలవంతంగా ఒప్పించాడన్న ఆరోపణ. ఆ స్థితిలో ఆ లాయరు ప్రయోజనాలు కక్షిదారు ప్రయోజనాలకు నిజంగానే విరుద్ధమని ఆ కోర్టు చెప్పింది.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. లాయరు కోర్టులో లేచి నిలబడి, మోషన్‌కు బలం లేదనీ, తాను అంతా వివరించాననీ, నా కక్షిదారుకు అన్నీ అర్థమయ్యాయనీ చెప్పేస్తాడు. మాట వరసకు మీ పక్కన లాయరు ఉన్నాడు, పనిలో మాత్రం రెండో ప్రాసిక్యూటర్ ఉన్నాడు. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2013లో పీపుల్ వర్సెస్ మిచెల్ తీర్పులో, ఇలా లాయరు కక్షిదారుకు వ్యతిరేకమైన వైఖరి తీసుకుంటే ఆ మోషన్ మీద నిర్ణయానికి ముందు కొత్త న్యాయవాదిని నియమించాలంది. ఇది జరుగుతున్నప్పుడు మీరు మౌనంగా ఉండిపోకూడదు. "నా లాయరు నాకు వ్యతిరేకంగా మాట్లాడుతున్నాడు, ఈ మోషన్‌కు నాకు వేరే న్యాయవాది కావాలి" అన్న ఒక్క వాక్యం రికార్డులో పడితే చాలు, అప్పీలులో దానికి విలువ ఉంటుంది.

నాలుగో అడుగు: కొత్త న్యాయవాదిని అడగండి, తక్కువ మాటల్లో

అడగడానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. నేరాంగీకారాన్ని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నాననీ, కారణం ప్రస్తుత న్యాయవాది ఇచ్చిన సలహాకు సంబంధించినదనీ, కాబట్టి ఆయనకూ నాకూ ప్రయోజనాలు ఢీకొంటున్నాయనీ, ఈ మోషన్ కోసం వేరే న్యాయవాదిని నియమించమనీ అంటే సరిపోతుంది. లాయరుతో ఏం మాట్లాడుకున్నారో, ఆ నేరం రోజున ఏం జరిగిందో అప్పుడు చెప్పకండి. ఎదుట ప్రాసిక్యూటర్ కూర్చుని వింటుంటాడు. జడ్జి వివరాలు అడిగితే, ప్రాసిక్యూటర్ లేకుండా, రికార్డు సీలులో ఉంచి వినమని కోరవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో 1970 నాటి మార్స్‌డెన్ తీర్పు పేరుతో ఇలాంటి విచారణ మామూలుగానే జరుగుతుంది. అక్కడ "మార్స్‌డెన్ హియరింగ్ కావాలి" అంటే జడ్జికి వెంటనే అర్థమవుతుంది.

మొదట సొంత డబ్బుతో లాయరును పెట్టుకుని, ఇప్పుడు ఆ స్తోమత లేనివారు కూడా నియమిత న్యాయవాదిని అడగవచ్చు. ఫెడరల్ కోర్టులో క్రిమినల్ జస్టిస్ యాక్ట్ కింద సీజేఏ 23 అనే ఆర్థిక పరిస్థితి అఫిడవిట్ నింపాలి. అందులో ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసి రాస్తారు కాబట్టి, హైదరాబాదులో ఉన్న ఫ్లాటునో, నాన్నగారి పేరు మీదినుంచి మీకు రాబోయే పొలాన్నో దాచిపెట్టి కొత్త చిక్కు తెచ్చుకోకండి. ఏది చూపాలో ఏది చూపనక్కర్లేదో సందేహం ఉంటే ఫెడరల్ డిఫెండర్ (డబ్బు లేని ముద్దాయిల తరఫున వాదించే) కార్యాలయంలో అడిగి నింపండి.

ఈ దశలో జడ్జి ఒక ప్రశ్న వేయవచ్చు: "లాయరు వద్దంటున్నారు, అయితే మీ కేసు మీరే వాదించుకుంటారా?" 1975 నాటి ఫారెట్టా తీర్పు ప్రకారం అది కూడా మీ హక్కే. అందుకే అడుగుతారు. విసుగుతో అవునంటే, జడ్జి వరుసగా హెచ్చరికలు చదివి, మీరు తెలిసే న్యాయవాది హక్కును వదులుకున్నారని నమోదు చేస్తారు. ఇక మోషన్ రాయడం, పాత లాయరును బోనులో ప్రశ్నించడం అంతా మీ తలమీదే పడుతుంది. నాకు లాయరు కావాలి, ఈ లాయరు మాత్రం వద్దు, అని స్పష్టంగా విడదీసి చెప్పండి.

భాష గురించి ఇక్కడే ఒక మాట. 1978 నాటి కోర్ట్ ఇంటర్‌ప్రెటర్స్ యాక్ట్ కింద ఫెడరల్ కోర్టులు దుబాసీని ఇస్తాయి. అయితే ఫెడరల్ సర్టిఫికేషన్ పరీక్ష ఉన్నది స్పానిష్‌కే. తెలుగుకు సర్టిఫైడ్ దుబాసీ ఉండరు, తగిన అర్హత ఉందని కోర్టు భావించినవారిని పిలుస్తారు. ఐటీ ఉద్యోగం చేస్తున్నాను కదా, ఇంగ్లీషు రాదంటే నవ్వుతారేమో అని మనవాళ్ళు చాలామంది దుబాసీని వద్దంటారు. ఆఫీసు ఇంగ్లీషు వేరు, "వెయివర్ ఆఫ్ అప్పీల్" (అప్పీలు హక్కు వదులుకోవడం) అన్న మాటకు అర్థం తెలియడం వేరు. పైగా ఎదుటివారు చెప్పేది వింటున్నానని తెలపడానికి తలాడించడం మనకు అలవాటు. కోర్టు రిపోర్టరు దాన్ని "యెస్" అని రాసుకున్నారో, జవాబు నోటితో చెప్పమని జడ్జి అడిగారో ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తే గానీ తెలియదు. ఇకమీదటి విచారణలకైనా దుబాసీని అడగండి. లాయరుతో జైలులో జరిగే సంభాషణలకూ అడగండి.

ఐదో అడుగు: కొత్త న్యాయవాదితో కలిసి కారణాన్ని పరీక్షించండి

నేరం ఒప్పుకున్న రోజున మీరు ప్రమాణం చేసి మాట్లాడారు. బలవంతం లేదని, లాయరు పని తృప్తిగా ఉందని, అన్నీ అర్థమయ్యాయని అప్పుడు చెప్పిన జవాబులు నిజమనే కోర్టు గట్టిగా భావిస్తుందని 1977లో బ్లాక్‌లెడ్జ్ వర్సెస్ అలిసన్ తీర్పు చెబుతుంది. ఆ భావనను కదిలించే అవకాశం ఉందని కూడా అదే తీర్పు ఒప్పుకుంది, కానీ ఉత్త మాటతో కదలదు. అందువల్ల కొత్త లాయరు మొదట చదవవలసింది ట్రాన్స్‌క్రిప్ట్, ప్లీ ఒప్పందం, పాత లాయరు ఫైలు, మీ మధ్య నడిచిన మెసేజీలు. మీరు చెప్పేదానికీ వీటికీ ఎక్కడ పొసగడం లేదో ఆయనే ముందుగా పట్టుకుంటే నయం.

న్యాయమైన కారణం ఉందా లేదా అని తూచడానికి ఫెడరల్ కోర్టులు చూసే అంశాలు కొద్ది తేడాలతో ఒకేలా ఉంటాయి. ఫిఫ్త్ సర్క్యూట్ 1984 నాటి కార్ కేసులో ఏడింటిని చెప్పింది: నిర్దోషినని చెబుతున్నారా, ప్రభుత్వానికి నష్టం ఉందా, ఎంత ఆలస్యం చేశారు, కోర్టుకు అసౌకర్యం ఎంత, న్యాయవాది దగ్గరి సహాయం దొరికిందా, అన్నీ తెలిసి స్వచ్ఛందంగా ఒప్పుకున్నారా, కోర్టు శ్రమ వృథా అవుతుందా. నా దృష్టిలో వీటిలో ఎక్కువ కేసులు చెడగొట్టేది ఆలస్యమే. ఒప్పుకున్న వారంలోనే అడిగినవారిని జడ్జి ఒక రకంగా చూస్తారు, ప్రొబేషన్ నివేదికలో శిక్ష అంచనా ఎక్కువగా వచ్చిందని తెలిశాక అడిగినవారిని మరో రకంగా చూస్తారు. అనుకున్నదానికంటే శిక్ష పెరగడం, సహ ముద్దాయి ట్రయల్‌లో గెలవడం, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవద్దన్నారనడం వంటివి ఒంటరిగా నిలబడవు.

నిలబడేవాటిలో, అమెరికా పౌరసత్వం లేని తెలుగువారికి ముఖ్యమైనది ఇమ్మిగ్రేషన్ సలహా. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేస్తారన్నది స్పష్టంగా ఉన్నప్పుడు ఆ విషయం చెప్పడం లాయరు బాధ్యత అని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ తీర్పు చెప్పింది. 2013 డిసెంబరు నుంచి జడ్జి కూడా 11వ రూల్ కింద ఈ హెచ్చరిక చదవాలి. జడ్జి హెచ్చరించినా లాయరు "అదేం కాదు" అని చెప్పి ఉంటే వాదన మిగిలే ఉంటుంది. 2017లో జే లీ కేసులో, ట్రయల్‌లో గెలిచే ఆశ దాదాపు లేకపోయినా, దేశంలో ఉండటమే తనకు అన్నిటికంటే ముఖ్యమని అప్పటి ఆధారాలతో చూపిన ముద్దాయి వైపు సుప్రీంకోర్టు నిలిచింది. ఆధారాలు అంటే ఆ రోజుల నాటి మాటలు, మెసేజీలు, మీరు లాయరును ఇమ్మిగ్రేషన్ గురించి ఎన్నిసార్లు అడిగారు అన్నది. ఇప్పుడు చెప్పే మాట చాలదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, మోషన్ రాసేవారు తరచుగా దాన్ని మరచిపోతారు. ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు 2003లో పికరింగ్ కేసులో చెప్పిన ప్రకారం, నేరనిర్ధారణను చట్టపరమైన లోపం వల్ల రద్దు చేస్తేనే ఇమ్మిగ్రేషన్‌కు అది లేనట్టు లెక్క. కేవలం దేశం నుంచి పంపించకుండా ఆపడానికో, మనిషి బాగుపడ్డాడనో రద్దు చేస్తే అది ఇంకా ఉన్నట్టే లెక్క. అందువల్ల మోషన్‌లోనూ, ఆపైన జడ్జి ఉత్తర్వులోనూ లోపం ఏమిటో పేరు పెట్టి ఉండాలి. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకున్నా నేరనిర్ధారణను వాయిదా వేయడం) పొందినవారు కూడా తమకు నేరనిర్ధారణే లేదనుకోకూడదు. నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక ఆంక్ష విధిస్తే ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని నేరనిర్ధారణగానే చూస్తుంది. క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరు ఆ ముసాయిదాను ఒకసారి చదివితే మంచిది.

ఆరో అడుగు: గెలిస్తే పోయేదేమిటో లెక్క వేయండి

మంచి న్యాయవాది మోషన్ వేసే ముందు ఈ లెక్క మీ ఎదుట పెడతాడు. పెట్టకపోతే అడగండి. నేరం ఒప్పుకున్నందుకు ఫెడరల్ శిక్ష మార్గదర్శకాల్లో శిక్షను లెక్కించే నేర స్థాయి నుంచి రెండు పాయింట్లు, ఆ స్థాయి 16 లేదా అంతకు మించితే ప్రభుత్వం కోరినప్పుడు మరో పాయింటు తగ్గుతాయి. గత నేరచరిత్ర లేని మనిషికి స్థాయి 17 అయితే 24 నుంచి 30 నెలలు, అదే 20 అయితే 33 నుంచి 41 నెలలు. వెనక్కి తీసుకుంటే ఆ తగ్గింపు దాదాపుగా పోయినట్టే. ప్లీ ఒప్పందంలో ఎత్తేసిన అభియోగాలను ప్రభుత్వం మళ్ళీ పెట్టవచ్చు, వాటిలో కనీస శిక్ష తప్పనిసరి అయినవి ఉండవచ్చు. విచారణలో ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమని జడ్జికి తోస్తే, న్యాయానికి ఆటంకం కలిగించినందుకు శిక్ష పెరిగే ముప్పు వేరేగా ఉంది.

వెనక్కి తీసుకున్న నేరాంగీకారాన్ని ట్రయల్‌లో సాక్ష్యంగా వాడకూడదని 1927 నాటి కెర్షెవాల్ తీర్పు, ఫెడరల్ ఎవిడెన్స్ రూల్స్‌లోని 410వ రూల్ చెబుతాయి. కానీ చాలా ప్లీ ఒప్పందాల్లో ఈ రక్షణను వదులుకుంటున్నానన్న ఒక పేరా ఇరికించి ఉంటుంది. అలాంటి షరతును 1995లో మెజనాటో కేసులో సుప్రీంకోర్టు ఆమోదించింది. ఒప్పందంలోని ఆ పేరాను కొత్త లాయరుతో పదపదమూ చదివించుకోండి. మీరు సంతకం చేసిన నేర వివరణ జ్యూరీ ముందుకు వచ్చేటట్టుంటే, ట్రయల్ గెలిచే అవకాశాన్ని మళ్ళీ మొదటినుంచి అంచనా వేయాలి.

ఏడో అడుగు: మోషన్, విచారణ

మోషన్‌తో పాటు మీ అఫిడవిట్ ఉంటుంది. అది పొట్టిగా, కారణానికి మాత్రమే పరిమితమై ఉండాలి. సాక్ష్యాల విచారణ కావాలని విడిగా కోరాలి, లేకపోతే కాగితాల మీదే నిర్ణయం వచ్చేయవచ్చు. ఇల్లినాయ్‌లో అయితే లాయరు తాను కక్షిదారుతో మాట్లాడాననీ, ఫైలునూ ప్లీ విచారణ నివేదికనూ చదివాననీ, మోషన్‌లో కావలసిన మార్పులు చేశాననీ సర్టిఫికెట్ దాఖలు చేయాలి. అది లేని మోషన్‌ను అప్పీలు కోర్టులు వెనక్కి పంపిస్తాయి. అన్ని రాష్ట్రాలూ ఈ పద్ధతి పెట్టుకుంటే ఎంత బాగుండేదో.

లాయరు సలహా తప్పని మీరు అన్న క్షణంలో ఆ సలహా గురించిన గోప్యతను మీరే విప్పినట్టవుతుంది. పాత లాయరు అఫిడవిట్ ఇవ్వవచ్చు, బోనెక్కి మాట్లాడవచ్చు. అయినా ఆ విప్పు మీ ఆరోపణకు సంబంధించినంతవరకే. కోర్టు పర్యవేక్షణ లేకుండా పాత లాయరు ప్రాసిక్యూటర్‌తో కూర్చుని కక్షిదారు రహస్యాలు చెప్పడం సాధారణంగా సమర్థనీయం కాదని అమెరికన్ బార్ అసోసియేషన్ 2010లో 10-456వ అభిప్రాయంలో పేర్కొంది. ఏయే విషయాలు బయటపెట్టవచ్చో ముందే హద్దు గీసే ఉత్తర్వు కోసం కొత్త లాయరు అడగాలి. ఇది మరచిపోతే, మోషన్ ఓడిన తర్వాత అవే మాటలు శిక్ష ఖరారులో మీ మీదికే వస్తాయి.

ఎనిమిదో అడుగు: మోషన్ కొట్టివేస్తే

శిక్ష తీర్పు నమోదైన 14 రోజుల్లో ఫెడరల్ కోర్టులో అప్పీలు నోటీసు వేయాలి. అప్పీలు హక్కు వదులుకున్నానని ఒప్పందంలో సంతకం చేసినా సరే, నోటీసు వేయమని లాయరుకు స్పష్టంగా, రాతలో చెప్పండి. అలా చెప్పినా వేయకపోవడం లాయరు తప్పేనని 2019లో గార్జా వర్సెస్ ఐడహో తీర్పు చెప్పింది. విచారణలో మీకు న్యాయవాది లేకుండా చేశారనో, ప్రయోజనాలు ఢీకొన్న లాయరుతోనే నడిపించారనో అప్పీలులో నెగ్గితే, సాధారణంగా దక్కేది నేరాంగీకారం రద్దు కాదు, కొత్త న్యాయవాదితో మోషన్‌ను మళ్ళీ వినడం. ముందే ఈ సంగతి తెలిస్తే నిరాశ తగ్గుతుంది.

అప్పీళ్ళూ ముగిశాక, మొదట చెప్పిన ప్రత్యేక పిటిషన్‌తో, ఫెడరల్ చట్టం 2255వ సెక్షన్ కింద శిక్షను సవాలు చేయడానికి సాధారణంగా తీర్పు అంతిమమైనప్పటి నుంచి ఒక సంవత్సరం గడువు. లాయరు అసమర్థత వాదనను అప్పీలులో లేవనెత్తకపోయినా ఇక్కడ తేవచ్చని 2003లో మసారో తీర్పు అన్నది. కానీ ఈ దశలో రాజ్యాంగపరంగా న్యాయవాది హక్కు లేదు. కోర్టు తన విచక్షణతో నియమించవచ్చు, సాక్ష్యాల విచారణ జరిపితే మాత్రం అర్హుడైన పేద పిటిషనర్‌కు తప్పక నియమించాలి. శిక్షకు ముందు న్యాయవాదిని అడగడానికీ, శిక్ష తర్వాత అడగడానికీ ఇంత తేడా ఉంది.

మోషన్ మంజూరైతే, కేసు మళ్ళీ నేరం ఒప్పుకోని స్థితికి వెళుతుంది. స్పీడీ ట్రయల్ యాక్ట్ ప్రకారం, వెనక్కి తీసుకోవడానికి అనుమతించిన ఉత్తర్వు అంతిమమైన రోజునే అభియోగపత్రం దాఖలైనట్టు లెక్కించి, మినహాయింపు కాలాలను తీసేసి, 70 రోజుల గడియారం కొత్తగా మొదలవుతుంది. మోషన్ నడిపిన న్యాయవాదే ట్రయల్‌కూ ఉంటారా, బెయిలు షరతులు మారతాయా, ఎత్తేసిన అభియోగాలు తిరిగి వస్తున్నాయా అన్న మూడింటినీ ఆ మొదటి వారంలోనే ఆయన్ను అడిగి తెలుసుకోండి.